స్టెప్నీని తిప్పే డ్యూటీ

మొదటి రోజే బండి కదలకపోతే డ్రైవర్‌కి పరువు పోయినట్టే. నాది పోయింది, అదీ రెండు నెలల కుక్కపిల్ల పుణ్యమా అని.

నా పేరు శివాజీ, ఊరు బొబ్బిలి. సాలూరులో ధనలక్ష్మి గారి లారీకి కొత్త డ్రైవర్ని. తెల్లవారి అయిదింటికి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేశాను. గేర్ వేసేలోగా తెల్లటి కుక్కపిల్ల ఒకటి ముందు టైరు కింద దూరి, నిమ్మకాయ నోట కరుచుకుని పారిపోయింది. కిందికి దూకాను.

దాని వెనకాలే ఓ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులతో.

"కుక్కని కట్టుకోలేరేటండి? టైరు కింద పడుంటే?"

"ఎదర సూసి తోలమని నీకెవులూ సెప్పలేదేటి?"

"ఇంకా తోల్లేదండి. మా ఓనరమ్మ సూసిందంటే మిమ్మల్నీ కుక్కనీ కలిపి తరిమేస్తాది. ఆవిడకి నోరెక్కువంట."

"మాయమ్మే," అంది నవ్వాపుకుంటూ.

ఓనరమ్మ నా వెనకే నిలబడి ఉంది, హారతి పళ్లెంతో.

ఆవిడకో రూలుంది. పెట్టిన నిమ్మకాయ పోతే ఆ రోజు లారీ కదలదు. "రేపట్నించి బండెక్కీ ముందు ఆ కుక్కని నువ్వే తిప్పు. అలిసిపోయి పడుంటాది," అని శిక్ష వేసింది.

కూతురు ఝాన్సీ కుక్కని నా చేతికి ఇవ్వనంది. "నీకు బ్రేకు తప్ప ఏటీ తెలీదు. నానూ వస్తాను."

కుక్క పేరు స్టెప్నీ. పాత స్పేర్ టైరులో దొరికిందట.

ఊళ్లో ఉన్న రోజల్లా తెల్లవారకముందే ముగ్గురం నడిచేవాళ్లం, రోడ్డు పక్క ఆగిన లారీల వెంట. స్టెప్నీ ఎప్పుడూ పక్క ఓనర్ల టైర్లే తడిపేది.

"మీయమ్మ ట్రైనింగేటండి?"

"కాదు, నాది."

మూడు నెలలు హాయిగా గడిచాయి. అంతలో ఓనరమ్మ నన్ను రాయపూర్ లైనుకి వేసింది. మకాం అక్కడే, ఊరికి రావడం ఏడాదికోసారి.

"ఎల్లమంటారా?" అని ఝాన్సీని అడిగాను.

"నన్నడుగుతావేటి? తోలీ మనిషివి నువ్వు."

ఒళ్లు మండింది. ఆమె అంటే నాకు ప్రాణం, ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. ఘాట్ రోడ్డులో చూపించే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

చివరి రోజు కూడా ముగ్గురం నడకకి వెళ్లాం. వెనక్కి తిరుగుదామని ఎవరూ అనలేదు. ఊరు దాటిపోయాం. స్టెప్నీ ఇక నడవలేనని కూలబడితే నేనే ఎత్తుకొచ్చాను. గుమ్మంలో దించగానే నిద్రపోయింది.

నిమ్మకాయలు పెట్టాను. ఇంజన్ స్టార్ట్ చేశాను. ఝాన్సీ వచ్చి, వంగి, ముందు టైరు కింద నిమ్మకాయ తీసేసుకుంది.

"ఏటే అది?" అంది ఓనరమ్మ.

"కుక్క పడుకున్నాది కదా. దాని డ్యూటీ నాను సేసాను."

"మరి బండి?"

"నీ రూలే కదమ్మా. కదల్దు."

ఓనరమ్మ కూతురి వంక చూసింది, తర్వాత నా వంక. "ఒరే, ఆడపిల్ల టైరు కింద సెయ్యెట్టింది. నీకు నోరు లేదేటి?"

ఇంజన్ మోతలో నా మాట నాకే వినపడలేదు. గొంతు చించుకున్నాను. "ఝాన్సీ, నువ్వంటే నాకిష్టం. నాను రాయపూర్ ఎల్లను."

వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. ఝాన్సీ నిమ్మకాయతో మొహం దాచుకోబోయింది, అది సరిపోలేదు.

"మీయమ్మని ఆదివారం రమ్మను, మాటాడుకుందాం," అంది ఓనరమ్మ. "ముందా ఇంజనాపు. డీజిల్ మీ బాబు పోస్తాడేటి?"