ఉప్పునీటి సీసా

“వైరస్ చావలేదు,” అన్నాడు చీఫ్ ఇయర్‌పీస్‌లో. “నీలితేలు ముఠా ఆ ల్యాబ్‌లో ఫిక్సేటివ్ సీసా మార్చేసింది. ఇప్పుడందులో ఉన్నది ఉప్పునీరు.”

సర్వీస్ ఇంజనీర్ వేషంలో మెషిన్ వెనక కూర్చున్న ఏజెంటు స్క్రూడ్రైవర్ కింద పెట్టి చుట్టూ చూశాడు.

రోగుల రక్తకణాలకి రంగులు పట్టించి, ఫిక్సేటివ్‌తో వైరస్‌ని చంపి, అప్పుడు ఫ్లో సైటోమీటర్ అనే ఈ మెషిన్‌కి ఎక్కిస్తారు. అది కణాల్ని చుక్కచుక్కగా లేజర్ ముందు నుంచి దూకించి, ఏ కణం వైరస్‌తో పోరాడుతోందో తేలుస్తుంది. ఆ చుక్కల నుంచి తుంపర లేస్తుంది. వైరస్ చచ్చిందన్న ధీమాతో ఇక్కడెవరూ మాస్కు పెట్టుకోలేదు.

“అందర్నీ బయటికి పంపనా?” ఏజెంటు గుసగుసగా అడిగాడు.

“వద్దు. సీసా మార్చినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్ల జేబులో వైరస్ నింపిన చిన్న గాజుబుడ్డి, వయల్, ఉంది. పసిగడితే పగలగొడతారు. ఈ సంగతి మనిద్దరికే తెలుసు. మన ఇన్‌ఫార్మర్ వెన్నెలకి కూడా చెప్పలేదు.”

గదిలో ఇంకో ముగ్గురున్నారు. అతిథి శాస్త్రవేత్తగా చేరిన వెన్నెల, ముత్యాల దుద్దులతో. ఆమె నవ్వితే చేతిలో పిపెట్ నిలవని బట్టతల టెక్నీషియన్. మూడో మనిషి ల్యాబ్ హెడ్, ఏజెంటుకి స్వయానా అక్క. అమ్మ పోయాక అమ్మై పెంచిన అక్క. తమ్ముడు మెషిన్లు బాగుచేసుకు బతుకుతున్నాడని ఆమె నమ్మకం. ఆమె ముఖానికీ మాస్కు లేదు.

“ఏరా, అయ్యిందా?”

“ఒక్క నిమిషం అక్కా.”

“నీ నిమిషాలు నాకు తెలుసు.” ఆమె ట్యూబు మెషిన్‌లో పెట్టేసింది.

అతను ఓ ఖాళీ ట్యూబులో గుట్టుగా మంచినీళ్లు నింపి, చెయ్యి తగిలినట్టు నటించి బల్లమీద ఒలకబోశాడు.

“అయ్యో, శాంపిల్ పోయింది.”

“కళ్లెక్కడ పెట్టుకున్నావురా?” అక్క టిష్యూతో తుడవసాగింది. టెక్నీషియన్ వంగి లేబుల్ కోసం వెతికాడు. చచ్చిన వైరస్‌కి వాళ్లెందుకు జడుస్తారు?

వెన్నెల మాత్రం ఊపిరి బిగబట్టి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తలుపు వైపు నడిచింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే.

ఒక్క అంగలో ఆమె మణికట్టు అతని పిడికిట్లో ఉంది. ఆమె కోటు జేబులోని వయల్ అతని జేబులోకి మారింది.

“వదులు. నేను మీ మనిషిని.”

“మరి మంచినీళ్లకి భయమెందుకు?”

వెనక మెషిన్ గుర్రుమంది. తుడవడం ముగించిన అక్క తల తిప్పకుండానే స్టార్ట్ నొక్కేసింది. నాజిల్ చివర చుక్క వేలాడుతోంది. ఏజెంటు ఒక్క తన్నుతో ప్లగ్గు ఊడగొట్టాడు. చుక్క అక్కడే ఆగిపోయింది.

వెన్నెలని బేడీలతో తీసుకెళ్లాక, అతను అక్కకి నిజం చెప్పేశాడు. ఆమె తమ్ముడి తల నిమిరి కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది.

“అంటే నీకు మెషిన్ పని రాదా?”

“రాదక్కా.”

“ఒరేయ్, పోయినేడాది నువ్వు సరిచేసిన లేజర్‌తో వచ్చిన లెక్కలన్నీ జర్నల్‌లో అచ్చేయించాను కదరా.”