రాగి గిన్నె చెప్పిన సాక్ష్యం

మొరాకోలోని ఫెస్ నగరంలో తెల్లారేసరికి కంచరుల సుత్తుల చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వింటూనే బతూల్ పుదీనా టీ పెడుతుంది. ఆ రోజు అందులో ఒక సుత్తి తగ్గింది. అది ఆమె భర్త మఫద్దల్‌ది. నలభై ఏళ్లు రాగి గిన్నెలు కొట్టిన మనిషి మంచం మీద కూర్చుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు.

నెల రోజులుగా అలసట అంటుంటే డాక్టరు మూత్రపరీక్ష రాశాడు. ఒక పగలూ రాత్రీ పట్టిన మూత్రంలో రాగి ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉందని నిన్న ల్యాబువాళ్లు చెప్పారు. కొడుకు జవాద్ గడప దాటుతూనే అందుకున్నాడు.

"దుకాణం తాళాలివ్వు నాన్నా. రాగి నీ ఒంట్లోకి ఎక్కింది."

"ఎక్కితే మంచిదేగా! నన్ను కరిగించి నాలుగు కెటిళ్లు చేసుకోండి."

"నవ్వులాటగా ఉందా? ఇస్తావా, ఇవ్వవా?"

"సుత్తి లేకపోతే నేనెవర్నిరా? అరుగు మీది ముసలి పిల్లినా?"

మఫద్దల్ తాళాల గుత్తి బల్ల మీద పడేసి గోడవైపు తిరిగిపోయాడు.

బతూల్ ఆ వీపు చూడలేక, మూత్రం పట్టే డబ్బాతో పాటు ల్యాబువాళ్లు ఇచ్చిన కాగితం తెచ్చుకుంది. మసీదులో ఆడవాళ్ల బడికి రెండేళ్లుగా వెళ్తోంది. చదవడం వచ్చిందన్న ధీమాతో ఆ కాగితాన్ని చదవకుండానే మడిచి పెట్టింది! ఇప్పుడు వేలు పెట్టి కూడబలుక్కుంది. "ప్లా...స్టిక్... డబ్బాలోనే... పట్టాలి. లోహపు పాత్ర... వాడరాదు."

ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమండీ, ఆ డబ్బా మూతి ఇరుకని విసుక్కున్నారు గదా, నేనేమిచ్చాను?"

"నా కొత్త రాగి గిన్నె. ఇంకా లోపల తగరం పూత కూడా వెయ్యలేదు."

"అందులో పట్టిందే నేను డబ్బాలో పోశాను."

జవాద్ నోరు తెరిచాడు. "అమ్మా! రాగి గిన్నెలో పట్టి, రాగి ఉందా అని అడిగామా?"

"కంచరి ఇంట్లో ప్లాస్టిక్కేమిటి అనుకున్నానురా!"

మఫద్దల్ గిర్రున తిరిగాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. "నా గిన్నే నా మీద సాక్ష్యం చెప్పిందన్నమాట!"

"మళ్లీ పరీక్ష అయ్యేదాకా తాళాలు నా దగ్గరే," అన్నాడు జవాద్.

ఈసారి బతూల్ డబ్బా పక్కనే కాపలా కూర్చుంది. డబ్బా చీటీ మీద మొగుడి పేరు తానే రాసింది, వంకరగా.

వారానికి రిపోర్టు వచ్చింది. రాగి ఉండవలసినంతే ఉంది. అలసటకు కారణం రక్తంలో ఇనుము తగ్గడమట.

"ఇనుమా? ఈ సంగతి కమ్మరులకు తెలిస్తే నా పరువేం కాను!" అన్నాడు మఫద్దల్.

జవాద్ తాళాలు తండ్రి చేతిలో పెట్టి, ఆ చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. "భయపడ్డాను నాన్నా, అంతే."

ఆ సాయంత్రం మఫద్దల్ ఆ గిన్నెలో సబ్జా మొక్క నాటి కిటికీలో పెట్టాడు. అంచు మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. బతూల్ వేలు పెట్టి చదివింది. "చదివి... నా... సుత్తిని... గెలిపించిన... బతూల్‌కు."

తన పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏడుస్తున్నావా?"

"పొయ్యి పొగ."

"పొయ్యి ఆర్పి గంటయింది."

"అయితే వెలిగిస్తాను, ఉండండి," అంటూ కళ్లు తుడుచుకుని, టీకి నీళ్లు పెట్టింది.