గేటు దగ్గర అక్క

"మన ఏజెంటుని పొద్దున సరిహద్దు గేటు దగ్గర మనవాళ్ళే కాల్చేశారు," అన్నాడు చీఫ్. "స్కానర్ 'ఇలాంటి మనిషి లేడు' అంది. డేటాబేస్‌లోంచి అతని రికార్డు ఎవరో లేపేశారు."

ఉడుము చటుక్కున కుర్చీలోంచి లేచాడు. పట్టిన పట్టు విడవడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. శత్రువుల ముఠాలో ఏళ్ళ తరబడి ఏజెంటుగా దాగిన అతని అక్క ఈ మధ్యాహ్నం అదే గేటుకి వస్తోంది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క.

"ఫోన్ చేయండి సర్!"

"గేటుకి ఫోన్ లైన్లు కోసేశారు, అక్కడ సెల్ సిగ్నల్ అందదు. డేటా లైన్ ఒక్కటే మిగిలింది. మీ అక్క రికార్డు కూడా పోయింది."

"ఆ నాన్-రిలేషనల్ డేటాబేస్ మనకొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను కదా సర్!"

"వేగంగా ఉంటుందని కన్సల్టెంట్ మేడమ్ చెబితేనూ..." చీఫ్ తల దించుకున్నాడు.

వేగమే మరి! వేరే పనులకి అది బంగారమే. ఇక్కడ మాత్రం మనిషికో విడి ఫైలు పెట్టారు. ఒకటి చెరిపేస్తే పక్కదానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మూలన పడేసిన పాత రిలేషనల్‌ది నెమ్మదే గాని, అందులో రికార్డుకీ రికార్డుకీ ముడి ఉంటుంది.

రికార్డులు లేపేసినవాళ్ళ కంట పడకుండా ఏసీ మెకానిక్ వేషంలో ఉడుము బేస్‌మెంట్‌కి దిగాడు. పాత సర్వర్ ఆన్ చేసి, గేటు లైన్ దానికి తగిలించాడు. అందులో అక్క భద్రంగా ఉంది. అమ్మయ్య అనుకునేలోపే ఖరీదైన పెర్ఫ్యూమ్ వాసన, వెంటనే మెడ మీద పిస్టల్.

"జరుగు, మెకానిక్కూ!" కన్సల్టెంట్ నవ్వింది.

ఉడుము జేబులోని మత్తు గ్యాస్ పెన్ను నొక్కాడు. అది కాస్తా తుస్సుమంది.

ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. "సర్వర్ ఆపితే గేటు ఎదురుచూస్తుంది. 'లేదు' అంటేనే కాలుస్తారు."

గేటు కెమెరా తెరమీద అక్క స్కానర్ ముందు నిలబడింది.

"మీకు దణ్ణం పెడతాను! నన్ను చంపండి, అక్కనొదిలేయండి!"

ఆమె డిలీట్ కొట్టింది. ఉడుము కళ్ళు మూసుకున్నాడు.

బీప్.

'తొలగించడం కుదరదు. ఈ రికార్డు మీద మరొకటి ఆధారపడి ఉంది.'

"ఎవడిదిది?" ఆమె తెరమీదికి వంగింది.

ఉడుముదే. ఉద్యోగంలో చేరిననాడు 'నా' అన్నవాళ్ళెవరంటే అక్కనే చూపించాడు. ఆమె వంగిన ఆ క్షణం చాలు. అతని టూల్‌బ్యాగ్ ఆమె మణికట్టు మీద పడింది, పిస్టల్ ర్యాకు కిందికి దొర్లింది. తెరమీద గేటు తెరుచుకుంది.

నెట్‌వర్క్ కేబుల్‌తో కన్సల్టెంట్‌ని కట్టేస్తుండగా ఫోన్ మోగింది. గేటు దాటి సిగ్నల్ అందేచోటికి వచ్చిన అక్క.

"ఏరా, స్కానర్ ముందు అంతసేపు నిలబెట్టారు! కాళ్ళు పీకేశాయి. ఏం కంప్యూటర్రా మీది, నత్తనడక!"

ఉడుము ఏడుస్తూనే నవ్వాడు. "దాన్నేమీ అనకక్కా. అదీ నాలాంటిదే, పట్టుకుంటే వదలదు."