చప్పుడు లేని నోరు

గోడాదరా బస్తీల మగ్గాల కార్ఖానాలు దాటినంక, ఖాడీ అనే మురుగు వాగు ఒడ్డుకు ఒక పాత పోలీసు చౌకీ ఉన్నది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. చీకటి పడ్డదంటే ఆ సందుల కుక్క సుత అడుగుపెట్టది. గుజరాతుల మందు దొరకదంటరు గద, తాగేటోళ్లు మాత్రం దొరుకుతరు... ఆ తాగినోడు సుత ఆడిదాకొచ్చి, ఎక్కింది దిగిపోయి, చుట్టు తిరిగి ఇంటికి పోతడు.

ఏమున్నదాడ అంటే — ఒక ఆకారం. మెట్ల మీద కూసుంటదట. నెత్తిన ముసుగు. నోరు ఆడిస్తనే ఉంటదట... చప్పుడు మాత్రం రాదు.

నవ్వకుండ్రి. మగ్గాల కాడ బతికినోళ్లకు ఇది నవ్వే ముచ్చట కాదు. వంద మగ్గాలు ఒక్కపారి కొట్టుకుంటుంటే గొంతు చించుకున్నా ఇనవడది. అందుకే కార్ఖానాల ఎవ్వలూ అరవరు. పెదవులు ఆడిస్తరు, ఎదుటోడు పెదవులు చూసి మాట పట్టుకుంటడు. నూలు తెగిందన్నా, బీడీ ఉన్నదా అన్నా, సేఠ్ వస్తున్నడు పైలం అన్నా అంతే. చిన్నపిల్లలకు సుత అదే అలవాటైతది.

అట్లాంటిది, ఆ ఆకారం నోటిని ఒడియా పిలగాండ్లు చూసిండ్రు, బీహారోళ్లు చూసిండ్రు. ఒక్కనికి ఒక్క ముక్క అందలే. మనుషుల మాటైతే అందకపోవునా? దెయ్యాల భాష అని తేల్చేసిండ్రు. మన తెలుగోళ్లల్ల సోమలింగమొక్కడే ఆడిదాక పోయిండు. వాడు నోరు చూసెదాక ఎక్కడ ఆగిండు, ముసుగు చూసే చెప్పులిడిసి ఉరికిండు.

ఆ దెయ్యం ఎవరిదో మాత్రం అందరికీ ఎరుకే. పరమేశ్‌ది.

పరమేశ్ సిరిసిల్ల దిక్కు పిలగాడు. బాలవ్వకు ఒక్కడే కొడుకు. తల్లి కండెలు చుడితే కొడుకు మగ్గం నడిపేటోడు. పోయిన వానకాలం కార్ఖానాల బట్ట తాకాలు, అంటే తాన్లు, పోయినయి, పరమేశ్ మీదనే అనుమానమని సేఠ్ చౌకీల చెప్పిండు. చౌకీ సాహెబ్ వచ్చి పరమేశ్‌ను పట్టుకపోయిండు. తెల్లారి పరమేశ్ ఖాడీల తేలిండు.

పారిపోతుంటే కాలు జారి పడ్డడని సాహెబ్ రాసుకున్నడు. ఒంటి మీద ఆ కమిలిన మచ్చలేందంటే రాళ్లకు తాకిందన్నరు. తాకాలు దొరికినయి మల్ల... పక్క కార్ఖానా టెంపోల పొరపాటున ఎక్కిచ్చిండ్రట. కంచే చేను మేసినంక ఎవనికి చెప్పుకుంటం? చౌకీకి తాళం పడ్డది. సాహెబ్ ఇంకో ఊరికి బదిలైండు. ఆడికి అయిపోయిందనుకున్నరు అందరు.

బాలవ్వ అనుకోలే. కోర్టు మెట్లు ఎక్కింది, దిగింది, మల్ల ఎక్కింది.

ఆ రాత్రి చౌకీల ఇంకో పోలీసు సుత ఉండె. అంబదాస్. మనోడే. తండ్రి మగ్గం నడుపుకుంటనే సదివిచ్చిండు. ఆ గల్లీల ఖాకీ తొడిగిన తెలుగు పిలగాడు ఆయనొక్కడే, అందుకే 'మన పోలీసు' అని మురిసేటోళ్లు. లంచం ముట్టడు. ఎవ్వల మీద చెయ్యెత్తడు. ముసలోళ్లు ఎండల నడుస్తుంటే బండి ఆపి ఎక్కిచ్చుకుంటడు. ఆ రాత్రి సుత ఆయన ఒక్క దెబ్బ కొట్టలే. అది నిజం. లోపల కొట్టినోళ్లు వేరు, ఆయన బయట పహరా.

మొదటి విచారణల ఆ మాటే చెప్పిండు. నేను బయట ఉన్న, లోపల ఏమైందో నాకు తెల్వది అన్నడు. అప్పటి సంది తేలు కుట్టిన దొంగలెక్క, ఎవ్వల మొఖం చూడడు. బాలవ్వ ఎదురొస్తే పక్క సందుల దూరుతడు.

దీని మీద గల్లీల ఒక పంచాది. చేసినోడు సాహెబైతే ఈయననెందుకంటరు, పెద్దాఫీసరు ముంగట చిన్నోడు ఏం చేస్తడు, పిల్లలు గలోడు అని కొందరు. మంచోడైతే నోరిప్పాలె గద, ఇప్పకుంటే ఆ మంచితనాన్ని ఉప్పేసి ఊరబెట్టుకోవాల్నా అని కొందరు. ఆ రెండో మాట అన్నది ఎవరో కాదు, ఆయన పెండ్లాం విజయశ్రీనే.

ఇప్పుడు జడ్జి సాబు మల్ల పిలిచిండు. తెల్లారితే పోవాలె. ఉన్నదున్నట్టు చెప్తే బాలవ్వ కేసు నిలవడ్తది. లేకుంటే ఇగ మూసుడే. అంబదాస్ ఎనుకటి మాటే చెప్పుదామని మనసు గట్టి చేసుకున్నడు. కొత్త మాట చెప్తే పాతది అబద్ధమైతది, నౌకరి పోతది, డిపార్టుమెంటోళ్లు బతకనియ్యరు. తనేం కొట్టలేదాయె... గట్ల లెక్కలేసుకుంట కూసున్నడు.

సరిగ్గ ఆ పొద్దుమూకంగ గల్లీ ఆడోళ్లు ఇంటి ముంగటికొచ్చిండ్రు. పని దిగి ఆ సందులకెళ్లి రావాలంటే పానం గుటుక్కుమంటున్నది, జర పోయి ఆ దెయ్యం సంగతేందో చూడు అన్నరు. నువ్వు మన పోలీసువు, మంచోనివి, నీకు ఏ దెయ్యమూ ఏం చెయ్యదు అన్నరు.

పిరికోడు అన్నా ఊకుంటుండె. మంచోనివి అన్నరు. ఆ మాట ముల్లు లెక్క దిగింది. లాఠీ, బ్యాటరీ లైటు పట్టుకొని లేచిండు.

లేచిండు గని... కాళ్లు పోవాలె గద.

రాత్రి పాళి పని నడుస్తున్నది. సందుకు రెండు దిక్కుల కార్ఖానాలు... ధడ ధడ ధడ ధడ. కాళ్ల కింద నేల వణుకుతున్నది. తన అడుగు తనకే ఇనవడ్తలేదు. ఎనుకకెళ్లి ఎవ్వలన్న వచ్చినా తెల్వది. ఒకపారి తిరిగి చూసిండు.

ఎవ్వల్లేరు.

ఇంకో నాలుగడుగులేసిండు. ఖాడీ వాసన ముక్కుకు కొట్టింది. చౌకీ గోడ కనవడ్డది, తలుపు కనవడ్డది, తలుపు కింద మెట్లు...

ఉన్నది.

ముసుగేసుకొని కూసున్నది. ఊగుతున్నది. ముందుకు... ఎనుకకు... ముందుకు...

హన్మంతుని తలుసుకుందామంటే పేరు సుత నోటికి రాలే. మర్లిపోదామనుకున్నడు. మర్లిపోతే పోలీసువేనా అంటరు. బ్యాటరీ వెలుగు పైకి లేపిండు. మొఖమంత ముసుగుల మునిగున్నది. నోరొక్కటే కనవడ్డది. ఆడుతున్నది. ఆగుతున్నది. మల్ల ఆడుతున్నది.

మగ్గాల కాడ పుట్టిన కండ్లు ఊకుంటయా? వద్దనుకున్నా ఆ పెదవుల మీదనే నిలిచినయి. ఒక ముక్క అందింది. ఇంకొకటి అందింది. దెయ్యాల భాష కాదు... అచ్చ తెలుగు.

"ఇంటికి పో అవ్వా... పొద్దున పంపిస్తరు..."

అంబదాస్ చేతిలకెళ్లి బ్యాటరీ జారి కిందవడ్డది.

అది పరమేశ్ మాట కాదు. తన మాట. ఆ రాత్రి ఇదే జాగల, ఇదే మెట్ల ముంగట, తను అన్న మాట. పొల్లు పోలే. ఆ మాట తను ఏ విచారణల చెప్పలే. పెండ్లానికి సుత చెప్పలే. అది దానికెట్ల తెలిసింది?

ఆకారం లేచింది. ముసుగు ఎనుకకు జారింది.

బాలవ్వ.

దెయ్యం లేదు, గియ్యం లేదు. కొడుకు పోయిన కాడికెళ్లి ఆ ముసలిది రాత్రైతే చాలు వచ్చి ఆ మెట్ల మీద కూసుంటున్నది. బతుకంతా మగ్గాల నడుమ మాట్లాడిన నోరు, దానికి చప్పుడుతోని పనిలేదు. ఒడియా పిలగాండ్లకు తెలుగు రాదు, బీహారోళ్లకు రాదు. తల్లి ఏడుపు దెయ్యాల భాషైంది.

ఆ రాత్రి ఏమైందంటే, కొడుకును పట్టుకపోయిండ్రని తెలిసి బాలవ్వ ఉరికొచ్చి ఈ మెట్ల మీదనే కూసున్నది. నా కొడుకును చూపియ్యెదాక కదలనన్నది. సాహెబ్ హిందీల బెదిరిచ్చిండు, గుజరాతీల తిట్టిండు. లేవలే. చుట్టు నలుగురు జమైతున్నరు. అప్పుడు అంబదాస్ వచ్చి, వంగి, చెయ్యి పట్టుకొని తెలుగుల చెప్పిండు — ఇంటికి పో అవ్వా, పొద్దున పంపిస్తరు.

మన పిలగాడాయె. మంచోడాయె. మన మాటల చెప్పె. బాలవ్వ నమ్మింది. లేచి ఇంటికి పోయి, పొద్దుగాల కొడుకొస్తే తానానికని నీళ్లు పెట్టుకున్నది. కోడి కూసే యాల్లకు అన్నం సుత వండింది.

అంబదాస్‌ మెట్టు కింద కూలవడి, ఆమె కాళ్లు పట్టుకొని ఏడ్సిండు. నేను కొట్టలేదవ్వా, నా పిల్లల మీద ఒట్టు, ఒక్క దెబ్బ కొట్టలేదన్నడు. కిందవడ్డ బ్యాటరీ వెలుగుల ఇద్దరి మొఖాలు ఒకలకొకలకు కనవడుతున్నయి. ఆ ధడధడల చెవులతోని ఏం పని, పెదవులే మాట్లాడుకున్నయి.

"ఎరుకే బిడ్డా," అన్నది బాలవ్వ. "కొట్టినోళ్లు పొమ్మంటే నేను లేవలే. నువ్వు పొమ్మంటే లేచిన."

ఆ మాటకు అంబదాస్ తల దించుకున్నడు. బాలవ్వ ఆయన గదుమ పట్టి మొఖం పైకి లేపింది. తల దించితే పెదవులు కనవడయి గద.

"ఒక్కటి చెప్పు. కోర్టుకు కాదు, నాకు. నేను లేచిపోయేటప్పుడు... నా కొడుకు పానంతోని ఉండెనా?"

అంబదాస్ మల్ల లెక్కలేసిండు. లేడు అంటే అయిపోతది. అప్పటికే పోయిండవ్వా అంటే ఈ ముసలిదానికి నిద్రన్న పడ్తది, లేచిపోయి తప్పు చేసిన్ననే రంది తీరుతది. తనకూ సులువే. అంతా బాగుంటది. ఎవ్వలికీ నొప్పి లేని మంచి మాట. గట్లాంటి మంచి మాటే ఆ రాత్రి ఒకటి చెప్పి ఈమెను ఇంటికి తోలిండు.

బాలవ్వ గదుమ ఇడువలే.

"ఉండె అవ్వా," అన్నడు. "నిన్నే పిలుస్తుండె. అవ్వా, అవ్వా అని... కిటికీలకెళ్లి వాని పెదవులు నాకు కనవడ్డయి. తలుపు తెరుస్తే నువ్వు చూస్తవు, చూస్తే తట్టుకోలేవని... అందుకే పొమ్మన్న."

బాలవ్వ చెయ్యి కిందికి జారిపోయింది. ఆమె ఎంతసేపు ఏడ్సిందో, ఎట్ల ఏడ్సిందో ఆయనకొక్కనికే ఎరుక. మగ్గాలు నడుస్తనే ఉన్నయి.

తెల్లారినంక జడ్జి సాబు ముంగట అంబదాస్ అంతా చెప్పిండు. సాహెబ్ పేరు చెప్పిండు, ఎవలెవలు కొట్టిండ్రో చెప్పిండు, పరమేశ్ ఖాడీల పడలేదు, పడేసిండ్రని చెప్పిండు. తను అన్న మాట సుత దాయలే. నౌకరి పోతదని అక్కడనే తెలిసిపోయింది. బయటికొస్తే గల్లీ జనం చుట్టు మూగిండ్రు. సోమలింగం చెయ్యి పట్టుకొని, ఎంతైనా నువ్వు మంచోనివే అన్నా అన్నడు.

బాలవ్వ ఆ పక్కనే నిలవడ్డది. ఆ మాట ఇన్నది. కొంగు సదురుకొని, ఆయన దిక్కు చూడకుంట, ఒక్కతే ఇంటి తొవ్వ పట్టింది.