రికార్డు ఇంటి ఫోను

నది ఒడ్డు వీధి చివర పాత రికార్డు ఇల్లుంది. వాన రాత్రుళ్ళు అటు ఎవరూ వెళ్ళరు. తప్పక వెళ్ళినా చెవులు మూసుకుని వెళ్తారు.

ఎందుకంటే లోపల ఫోను మోగుతుంది.

ఇంట్లో మనిషి లేడు, దీపం లేదు, తలుపుకి తాళం. ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ కాగితాలుగా దాచిన ఇల్లది. మూడేళ్ళ క్రితం వరదకి ఆ కాగితాలూ పోయాయి, వాటిని చూసుకునే ఆవిడా పోయింది. ఆ తర్వాతే మొదలైంది ఇది... వాన పడ్డ రాత్రి, ఒంటిగంటకీ రెండింటికీ మధ్య, చీకట్లో ట్రింగ్ ట్రింగ్‌మని మోగడం, కాసేపటికి ఆగిపోవడం. రెండో ఆట సినిమా చూసొస్తూ పాలవాడు రెండు చెవులా విన్నాడు. సైకిలు అక్కడే పడేసి పరుగెత్తాడు. మర్నాడు పట్టపగలు ఆ సైకిలు తెచ్చుకోవడానికి ముగ్గుర్ని తోడు తీసుకెళ్ళాడు.

"ఎత్తితే ఏమవుతుందేం?" అనే మొనగాళ్ళు పగటిపూట చాలామందే ఉన్నారు. రాత్రిపూట ఒక్కడూ లేడు.

నేను చెప్పబోయేది ఆ ఫోను ఎత్తిన రాత్రి సంగతి. ఊరి లైబ్రరీలో పుస్తకాలిచ్చే గుమాస్తా నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఆయన్ని అందరూ ఆఖరాయన అంటారు. ఆ పేరెందుకొచ్చిందో ముందు చెప్పాలి.

ఊళ్ళో పాత కాగితాలూ పాత వస్తువులూ దాచే చోట్లు ఏడుండేవి. రికార్డు ఇల్లు, కాలేజీ లైబ్రరీ, మ్యూజియం... ఇలాంటివి. నిప్పో నీళ్ళో వచ్చి మీద పడితే ఏ ఒక్కరి వల్లా కాదని ఏడుగురూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. దానికి గొలుసని పేరు. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు, గోడకున్నవే. ప్రతి ఫోను పక్కనా ఒక జాబితా అంటించారు. ఆపద వచ్చినవాళ్ళు తమ కింది పేరుకి ఫోను చెయ్యాలి — ఏమిటి, ఎక్కడ, అంతే. వాళ్ళు తమ కింది పేరుకి. అలా చుట్టు తిరిగొచ్చాక చివరివాడు మొదటివాడికి చేసి "గొలుసు మూసుకుంది" అనాలి. అందరికీ అందింది, మనుషులొస్తున్నారు, ఇక నువ్వు బయటపడు అని దానర్థం. ఆ మాట వినేదాకా మొదటివాడు ఫోను దగ్గర్నుంచి కదలకూడదు. మధ్యలో ఎవరైనా ఎత్తకపోతే మళ్ళీ చెయ్యాల్సింది అతనే మరి.

జాబితాలో రికార్డు ఇల్లు మొదటిది, గుట్ట మీదున్న లైబ్రరీ చివరిది. అందుకే ఆయన ఆఖరాయన.

ఈ గొలుసు పెట్టింది రికార్డు ఇంట్లో పుస్తకాలకి అట్టలు కట్టే ఆవిడ. అట్టలమ్మ అనేవారు. ఉత్త చాదస్తం మనిషి... పనికి ప్రాణం పెట్టే మనిషి కూడా. తడిసిన పుస్తకాన్ని వెంటనే గడ్డ కట్టించకపోతే బూజు తినేస్తుందని, ఐసు ఫ్యాక్టరీ యజమాని వెంటపడి ఒక గది ఖాళీ చేయించింది. తన ఫోనుని గోడకి ఎంత ఎత్తున బిగించిందంటే, కింద బల్ల వేసుకుంటే గానీ అందదు. "నీళ్ళు నన్ను ముంచినా నా ఫోనుని ముంచకూడదు" అని నవ్వేది. ఆ నవ్వులాట మాట చివరికి ఎలా నిజమైందో తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

నెలకి ఒకటి రెండుసార్లు అర్ధరాత్రి ఉత్తుత్తి ఆపద పెట్టేది. అందరూ తిట్టుకుంటూ లేచి ఫోన్లు చేసుకునేవారు. చివర్న ఆఖరాయన చేసి "గొలుసు మూసుకుంది అక్కా" అంటే, ఆవిడ "మంచిది. ఇక పడుకో నాయనా" అనేది. ప్రతిసారీ అవే మాటలు. ఏడుగురిలో ఆ మాటలు విన్నది ఆఖరాయనొక్కడే.

వరద రాత్రి కూడా ఫోనొచ్చింది. "నీళ్ళు. రికార్డు ఇల్లు," అన్నాడు జాబితాలో ఈయనకి పైనున్న మ్యూజియం పెద్దాయన. ఆ నెలలో అలా లేపడం మూడోసారి. "ఆవిడకి నిద్ర పట్టదు, మనల్ని పట్టనివ్వదు," అని గొణుక్కుని, ఆఖరాయన ఫోను పెట్టేశాడు.

పెట్టేసి... పడుకున్నాడు.

గంటలో వీధి మునిగిపోయింది. మిగతావాళ్ళు కిందికి దిగేసరికి మెడలోతు నీళ్ళు. తెల్లారాక అట్టలమ్మ ఫోనుండే వెనకగదిలో, పుస్తకాల అరల మధ్య దొరికింది. పుస్తకాల కోసం ఆగిపోయిందన్నారంతా. ఆఖరాయన్ని కూడా అడిగారు. "చేశానండీ... మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు," అన్నాడు. నమ్మారు. నమ్మకపోవడానికేముంది?

కానీ ఆయనకి తెలుసు. ఆవిడ ఆగింది పుస్తకాల కోసం కాదు. తను చెయ్యాల్సిన ఫోను కోసం.

అప్పట్నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. పైకి మాత్రం గొలుసులో ఆయనంత జాగ్రత్తపరుడు లేడని పేరు. కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదీ ఆయనే. "ఆఖరి ఫోను మర్చిపోకండర్రా" అంటుంటే నాలుక మొద్దుబారేదట. ఆ కొత్తవాళ్ళలో అట్టలమ్మ కూతురు ఒకతి. మ్యూజియంలో పాత వస్తువుల దుమ్ము దులిపి బాగుచేసే పని. తల్లి గొంతే, అచ్చు గుద్దినట్టు. ఆ పిల్ల నోరారా "మావయ్యా" అని పిలిచినప్పుడల్లా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడేవాడు.

ఇక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. వాన రాత్రుళ్ళు ఆ ఫోను మోగించే దెయ్యం ఎవరో కాదు, ఆఖరాయనే.

అంత ఎత్తున ఉన్న ఫోను తడవలేదు. దాని లైను పూర్తిగా తెంపాలని ఏ ఆఫీసుకీ తోచలేదు. వాన పడితే చాలు, లైబ్రరీ వెనకింట్లో భార్య నిద్రపోయాక, పిల్లిలా హాల్లోకొచ్చి ఆ పాత నంబరు తిప్పేవాడు. మూడేళ్ళ కిందట చెయ్యాల్సిన ఫోను. అది మోగుతుంటే విని, విని, పెట్టేసేవాడు. పొద్దున్నే ఊరంతా దెయ్యం దెయ్యం అంటుంటే తనూ వాళ్ళతో కలిసి "అమ్మో" అనేవాడు. ఏం చేస్తాడు మరి!

ఆ రాత్రి వాన లేదు. సాయంత్రం నాలుగు చినుకులు రాలి ఊరుకున్నాయి. చుక్కలు కనిపిస్తున్నాయి. నంబరు తిప్పే రాత్రి కాదు గనక ఆఖరాయన పక్క మీద దొర్లుతున్నాడు.

ఒంటిగంట దాటింది... లైబ్రరీ ఫోను మోగింది.

ఎత్తాడు.

"నీళ్ళు... రికార్డు ఇల్లు."

ఆడగొంతు. అంతే. పెట్టేశారు.

ఆఖరాయన ఒళ్ళు జల్లుమంది. రికార్డు ఇంటి పేరు గొలుసులోంచి ఎప్పుడో కొట్టేశారు. అట్టలమ్మ కూతురు చేసిందేమోనని మ్యూజియానికి ఫోను చేశాడు. పెద్దాయన ఆవులిస్తూ ఎత్తాడు.

"నేను చెయ్యలేదండీ. అమ్మాయి సాయంత్రమే వెళ్ళిపోయింది. చుక్క వాన లేదు, నీళ్ళెక్కడివి? ఎవరో మిమ్మల్ని ఆడిస్తున్నారు... పడుకోండి."

పడుకోండి. మూడేళ్ళ కిందట తనకి తనే చెప్పుకున్న మాట.

ఆట పట్టించడమే అయితే రేపు నలుగురూ నవ్వుతారు. నవ్వనీ అనుకున్నాడు. పాత నంబరు తిప్పాడు.

మోగుతోంది... మూడు... నాలుగు... మూడేళ్ళుగా ఎవరూ ఎత్తని ఫోను...

ఎత్తారు.

అవతల ఊపిరి వినిపిస్తోంది. గాఢనిద్రలోంచి లేచినట్టు, బరువుగా.

"ఊఁ... చెప్పండి..."

అట్టలమ్మ గొంతు!

ఆయన గోడకి జారబడ్డాడు. అయినా రిసీవరు వదల్లేదు.

"అక్కా..." అన్నాడు గుసగుసగా. "గొలుసు మూసుకుంది అక్కా. ఆ రాత్రి నేను చెయ్యలేదు. నువ్వు పెట్టే ఉత్తుత్తిదే అనుకుని పడుకున్నాను. చేశానని అందరితో అబద్ధం చెప్పాను... నువ్వు నా కోసమే ఆగావని నాకు తెలుసు అక్కా."

అవతల్నుంచి చాలా మెల్లగా — "మావయ్యా..."

అట్టలమ్మ ఆయన్ని ఎప్పుడూ మావయ్యా అనలేదు.

"నేను... అమ్మని కాదు."

అంతలో అవతల బల్ల కిర్రుమంది. ఆ పిల్ల కాలు కింద పెట్టింది కాబోలు... ఛళ్ళుమని చప్పుడు.

"మావయ్యా — నీళ్ళు!"

"బయటికి రా తల్లీ!" ఆయన అరిచిన అరుపుకి భార్య లేచొచ్చింది. "ఏదీ ముట్టుకోకు. దేనికోసమూ ఆగకు. ఆ ఫోను వదిలెయ్యి... ముందు ఫోను వదిలెయ్యి!"

ఎగువన ఎక్కడో కురిసిన వాన చప్పుడు చెయ్యకుండా నదిలోకొచ్చిందని తర్వాత తెలిసింది. ఆఖరాయన గొలుసులో మొదటివాళ్ళకి ఫోను కొట్టి, భార్యని ఫోను దగ్గర కూర్చోబెట్టి, లాంతరు పట్టుకుని కిందికి పరుగెత్తాడు. వీధి మధ్యలో ఎదురొచ్చిందా పిల్ల. నడుం దాకా తడిసింది. చెప్పులు చేతిలో పట్టుకుంది.

ఇద్దరూ పైకి నడిచారు.

"ఆ ఫోను మోగించేది మీరా?"

"నేనే తల్లీ."

"అమ్మేమో అనుకున్నాను. నాలుగు చినుకులు పడ్డాయి కదా, ఇవాళ మోగుతుందని అమ్మ తాళంచెవి తీసుకుని వెళ్ళి ఫోను కింద బల్ల మీద కూర్చున్నాను. ఎత్తి ఒక్క మాట అడుగుదామని. నిద్ర పట్టేసింది."

"ఏమడుగుదామని?"

"ఇంట్లో నన్ను పెట్టుకుని, పుస్తకాల కోసం ఎందుకు ఆగావని. మూడేళ్ళుగా అమ్మ మీద అలిగున్నాను మావయ్యా."

ఆఖరాయన నడివీధిలో నిలబడి ఏడ్చాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. రేపు గొలుసందరి ముందూ నిజం చెబుతానన్నాడు.

"చెప్పండి," అంది ఆ పిల్ల. "ఇక మీ మీద అలుగుతాను. చాలా రోజులే అలుగుతాను. కానీ రేపట్నుంచి... ఇవాళ నడవండి."

నాలుగడుగులేశాక అడిగింది: "అవునూ, నీళ్ళొచ్చాయని మీకెవరు చెప్పారు?"

"నువ్వేగా నాకు ఫోను చేసింది?"

ఆ పిల్ల ఆగిపోయింది. "ఆ ఫోనుకి వచ్చే కాల్సే తప్ప పోయేవి లేవు మావయ్యా. వరద తర్వాత ఆఫీసువాళ్ళు ఆపించేశారు. నాకు మెలకువొచ్చిందే మీ ఫోనుకి..."

ఇద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా గుట్ట ఎక్కారు.

లైబ్రరీలో భార్య తువ్వాలు పట్టుకుని కూర్చునుంది. "మ్యూజియం పెద్దాయన చేశాడు," అంది. "ఆరుగురికీ అందిందట. గొలుసు మూసుకుందట. ఆ పిల్ల దొరికిందా... రా అమ్మా, ముందు తల తుడుచుకో."

అప్పుడు మళ్ళీ ఫోను మోగింది.

గొలుసులో చెయ్యాల్సినవాళ్ళు ఇంకెవరూ లేరు. అట్టలమ్మ కూతురు కళ్ళెదుట తువ్వాలుతో నిలబడుంది. కింద రికార్డు ఇల్లు నీళ్ళలో ఉంది.

ఆఖరాయన ఎత్తాడు. విన్నాడు. రిసీవరు పెట్టేశాడు.

"ఎవరు మావయ్యా?"

ఆయన చదువుకునే బల్ల మీద అలాగే చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగాడు. రెండు నిమిషాల్లో గుర్రు మొదలైంది. మూడేళ్ళలో మొదటిసారి. తెల్లారి తొమ్మిదింటికి జనం వచ్చి తలుపు బాదినా లేవలేదట. ఆ పిల్లే వాళ్ళని ఆపి, "కాసేపు ఉండండి, పడుకోనివ్వండి" అందట.

ఫోన్లో ఏం వినిపించిందని నేనడిగాను. పక్కనెవరూ లేకుండా చూసి, నా చెవిలో చెప్పాడు.

"మంచిది. ఇక పడుకో నాయనా."