రోజుకో పురుగు

2084లో హనుమకొండలో ఉదయం పదింటికి ఏ బాల్కనీ చూసినా సీతాకోకచిలుకలే. పిట్టగోడ మీద జానెడు గాజు గొట్టం వెలుగుతుంటే, దాని చుట్టూ నారింజ రెక్కలు గిరికీలు కొడుతుండేవి. తల్లులు వాటిని చూపించి పిల్లలకి అన్నం తినిపించేవాళ్ళు. ఆ గొట్టాన్ని కనిపెట్టిన డాక్టర్ శశిరేఖ మాత్రం తలెత్తకుండా నడిచేది. మొహం చెల్లక.

ఆ సీతాకోకచిలుక గుడ్డు పెట్టేది జిల్లేడు ఆకు మీద. దాని పురుగు తినేదీ ఆ ఆకే. ఊళ్ళో జిల్లేళ్ళు కొట్టేశాక ఆ సీతాకోకచిలుకలూ కరువయ్యాయి. దేశీ మొక్కలు పెంచమని ప్రభుత్వం కుండీలు పంచితే, జనం తంగేడు, వావిలి ఉంచుకుని జిల్లేడు వెనక్కిచ్చేశారు. జిల్లేడు మొలిచిన ఇల్లు పాడుబడుతుందని భయం. అందుకని ఊరి చివర జిల్లేడు తోటలు వేశారు. ఊళ్ళోంచి అక్కడికి దారి చూపడానికి, బాల్కనీల్లో పెట్టుకునేలా, జిల్లేడు వాసన వెదజల్లే 'గంధదీపం' తయారుచేసింది శశిరేఖ.

తొలి పరీక్షలోనే గాజు మీద తెల్లటి చుక్కలు కనిపించాయి.

"మేడమ్, ఇవి గుడ్లు," అంది ప్రయోగశాల యంత్రం తేటి. "తోట దాకా పోకుండా దీపం మీదే పెట్టేసింది. పురుగు బయటికొస్తే తినడానికి ఆకు లేదు."

మర్నాడే దీపం చూడడానికి అధికారులొస్తున్నారు. ఆరేళ్ళ కష్టం. శశిరేఖ కొంగుతో గాజు తుడిచేసి, "దుమ్మని రాసుకో," అంది. తేటి అలాగే రాసుకుంది. యంత్రం కదా, ఎందుకని అడగదు.

మూడేళ్ళలో ఇంటింటా దీపం వెలిసింది, ఉన్నవన్నీ బాల్కనీల్లోనే తిరుగుతున్నా మొత్తమ్మీద సీతాకోకచిలుకలు సగానికి పడిపోయాయి. శశిరేఖకి అన్నం సయించడం మానేసింది. చివరికి దిద్దుబాటుకి పూనుకుంది. పురుగు కొరికిన ఆకు ఒక ప్రత్యేకమైన వాసన వదులుతుంది. కత్తెరతో కోసిన ఆకుకి ఆ వాసన రాదు. కొరికిన ఆకు వాసన తగిలితేనే వెలిగేట్టు దీపాల్ని మార్చేసింది. ఇక దీపం కావాలంటే ఇంట్లో జిల్లేడు మొక్క పెంచి, దాని మీద పురుగుని బతకనివ్వాల్సిందే. ఒక్క ఆదేశంతో ఊరు ఊరంతా దీపాలు ఆరిపోయాయి.

వారం తిరక్కుండా ఎదురింటి స్వరూప బాల్కనీలో దీపం మళ్ళీ వెలిగింది. ఆ పక్కింట్లోనూ. శశిరేఖకి ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్ళింది.

"జిల్లేడు పెట్టావా స్వరూపా?"

"అయ్యో, ఇంట్ల జిల్లేడెట్ల పెడ్త మేడమ్? గిది సూడున్రి."

దీపం ముందు స్టీలు గిన్నె. అందులో ఒక జిల్లేడాకు, దాని మీద నలుపు, పసుపు చారల పురుగు.

"తోటలకెల్లి తెస్తం. ఒక్కటి కొరికితే దినమంత వెలుగుతది. పొద్దుమీకి పారేస్తం, తెల్లారి ఇంకోటి. అందరం గట్లనే చేస్తున్నం."

ఇంటికొకటి, రోజుకొకటి.

"అది ప్రాణం కాదా? ఒక్క కుండీ పెట్టడానికి అంత భయమా?" అని కేకలేసింది శశిరేఖ.

స్వరూప చిన్నబుచ్చుకుంది. "కోపం చెయ్యకున్రి మేడమ్. మిమ్మల్ని సూసే చేసినం. ఊరంత ఆరినా మీ దీపం ఒక్క దినం సుత ఆరలే. జిల్లేడు సూద్దమంటే మీ బాల్కనీల లేకపాయె. పురుగుని తెచ్చి పెడుతున్నరు గావచ్చని మేం గూడ షురూ చేసినం."

దీపాలన్నీ మార్చిన రోజు, తన ఇంటి దీపం ఒక్కటీ మార్చకుండా వదిలేయమని తేటికి చెప్పింది శశిరేఖే. కూతురికి ఎనిమిదో నెల. ఈ సమయంలో ఇంట్లో జిల్లేడెందుకు, పురుడు పోసుకున్నాక చూద్దాం, అందాకా కనిపెట్టినదాని దీపమే ఆరిపోతే ఏం బాగుంటుంది అనుకుంది.

"మా అమ్మాయి కడుపుతో ఉంది," అంది నేల చూపులు చూస్తూ.

"అవ్ మల్ల, గసుమంటప్పుడు జిల్లేడెట్ల పెడ్తరు?" స్వరూప గొంతు మెత్తబడింది. "ఇగ మీరు గంత దూరం తిరుగకున్రి. రేపటి సంది మీ పురుగు గూడ నేనే తెస్త."

వద్దనాలంటే నిజం చెప్పాలి. శశిరేఖ సరేనన్నట్టు తలూపింది.