పై గదిలో నవ్వు

ఆ లైబ్రరీ పై గదికి చెడ్డ పేరుంది. చీకటి పడితే అక్కడ ఎవరో నవ్వుతారట... మగ నవ్వు. అది ఆగగానే ఆడగొంతు మొదలవుతుందట. ఓసారి వాచ్‌మన్ మెట్లు సగం ఎక్కి, ఆ నవ్వు విని, చెప్పులు అక్కడే వదిలేసి పరుగో పరుగు. ఈ రోజుకీ ఆ చెప్పులు తెచ్చుకోలేదు మహానుభావుడు!

పగలైతే ఆ గదంతా సందడే. వీధిలోవాళ్ళు పాత ఫొటోలు, ఉత్తరాలు, క్యాసెట్లు తెచ్చిస్తే, కంప్యూటర్లోకి ఎక్కించి అందరి కోసం దాచిపెడతారు. క్యాసెట్ల పని టైపు మాస్టారిది. టైపు నేర్చుకునేవాళ్ళు లేక ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, ఆయనకి మిగిలిన గౌరవం ఇదొక్కటే.

దెయ్యం మాట వినగానే అందరికంటే ముందు ఆయన ముఖమే పాలిపోయింది. ఎందుకంటే — ఆయన కడుపులో ఓ పాపం దాగుంది.

మూడు నెలల క్రితం దర్జీ అక్క ఓ క్యాసెట్ తెచ్చింది.

"మా అమ్మ గొంతు మాస్టారూ. నా పదేళ్ళప్పుడు నన్ను పిన్ని దగ్గర వదిలేసి వెళ్ళిపోయింది. చనిపోయేముందు ఇందులో నాతో మాట్లాడి పంపిందట. పిన్ని పోయాకే నా చేతికొచ్చింది. ఇంట్లో మెషీన్ లేదు... వినే ధైర్యమూ లేదు. మీరు ఎక్కించాక వింటా."

టేపు పెట్టేముందు క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచెయ్యాలి. అప్పుడు పొరపాటున రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కినా పాత గొంతు చెరగదు. కొత్తవాళ్ళకి ఆ పాఠం చెప్పేది మాస్టారే! ఆ రోజు ఫోన్ మోగింది. పలుకు విరవలేదు. బటన్ నొక్కేసి, బావతో కబుర్లలో పడ్డాడు. ఫోన్ పెట్టేసి చూస్తే... నొక్కింది ఎర్ర బటన్.

ఎంత చెరిగిందో వినడానికి కూడా చెయ్యి రాలేదు.

"బూజు పట్టేసిందమ్మా, అందులో ఏమీ లేదు," అని తిరిగిచ్చేశాడు.

"పాపం, ఎంత శ్రమపడ్డారో," అంది ఆమె. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఓ సాయంత్రం కళ్ళజోడు పై గదిలో మర్చిపోయాడు. అప్పటికే వాచ్‌మన్ కరెంటు మెయిన్ ఆపేశాడు. తప్పదురా భగవంతుడా అనుకుంటూ మెట్లెక్కాడు. వాచ్‌మన్ చెప్పులు దాటాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి... నవ్వు.

"ఇంకో ముసలమ్మ సోది బావా! ఎవడు వింటాడీ గోలంతా? హహ్హహ్హ..."

ఆ గొంతు... తనదే.

టక్కున ఆగింది. వెంటనే సన్నటి ఆడగొంతు — "...అందుకే వెళ్ళిపోయాను తల్లీ. జరిగింది ఇదే. నువ్వు మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు."

తలుపు తోశాడు. చీకట్లో, సెల్సుతో ఆడుతున్న టేప్ రికార్డర్ ముందు... దర్జీ అక్క.

"నేనే మాస్టారూ, భయపడకండి. లైబ్రరీ మేడం తాళం ఇచ్చింది. బూజు పట్టినా అమ్మదే కదా, ఒక్కసారి పెట్టి చూద్దామని వచ్చా. అప్పట్నుంచి కొట్టు మూశాక రోజూ వస్తున్నా."

భూమి చీలి తనని మింగేస్తే బాగుండనిపించింది ఆయనకి.

"అబద్ధం చెప్పానమ్మా... ఆ నవ్వు..."

"మీదేనని మొదటి రోజే తెలుసు." ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. "ఒక్కటే అడుగుతా. ముందే అడగాలనుకున్నా గానీ, మీరేం చెప్తారోనని భయమేసింది. చెరిగిపోకముందు... కొంచెమైనా విన్నారా? అమ్మ ఎందుకు వెళ్ళిందో చెప్పడానికి ఇప్పుడు మీరు తప్ప నాకెవరూ లేరు."

"వినలేదమ్మా..."

ఆమె టేపు వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటినుంచి పెట్టింది — ఎక్కడైనా ఒక్క మాట మిగిలిందేమోనని.

మాస్టారు తల దించుకుని నిలబడ్డాడు. టేపులో మాస్టారు పగలబడి నవ్వాడు.